ధర మన చేతిలో, లెక్క అల్లాహ్ సన్నిధిలో

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఉపాధిని విశాలపరచేవాడూ, పరిమితపరచేవాడూ ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

ప్రియ ధార్మిక సోదరులారా!

మన జుముఆ నమాజుకూ బజారుకూ విడదీయరాని సంబంధం ఉంది. అజాన్ పిలుపు వినగానే క్రయవిక్రయాలను వదలి అల్లాహ్ స్మరణ వైపు రమ్మని సూరహ్ జుముఆ ఆదేశిస్తుంది. నమాజు ముగిసిన తరువాత భూమిపై వ్యాపించి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించమని కూడా అదే సూరహ్ ఆదేశిస్తుంది. అంతటితో ఆగక, ఆ అన్వేషణలోనూ అల్లాహ్‌ను అధికంగా స్మరించమని చెబుతుంది. అంటే మస్జిద్‌లో మొదలైన దైవస్మరణ మనతోపాటు దుకాణం గడప దాటి లోపలికి రావాలి. త్రాసు ముందు, గల్లా పెట్టె ముందు, వినియోగదారునికి ధర చెప్పే క్షణంలో అది మనతోనే ఉండాలి.

మనలో అధిక సంఖ్యాకులు చిన్న వ్యాపారులు. కిరాణా కొట్టు, బట్టల దుకాణం, పండ్ల బండి, మాంసం దుకాణం, మెకానిక్ షెడ్డు, హోటలు మన కుటుంబాలను పోషిస్తున్నాయి. పెద్ద సంస్థలలో ధరను ఎందరో కూర్చుని నిర్ణయిస్తారు. మన దుకాణంలో దానిని నిర్ణయించేది మనమే. ఎదుట నిలిచిన మనిషి ముఖం చూసి, అతని అవసరం చూసి, కొన్నిసార్లు అతని అమాయకత్వం చూసి కూడా ఒక అంకె చెప్పగల అధికారం మన నాలుకకు ఉంది. ఈ అధికారాన్ని మన పూర్వీకులు ఏ విధంగా వినియోగించారో, ధర్మం దానికి ఎటువంటి హద్దులు నిర్దేశించిందో చరిత్ర వెలుగులో నేడు పరిశీలిద్దాం.

మద్యన్ ప్రజల ప్రశ్న

వ్యాపార నీతి చరిత్రను దివ్య ఖుర్ఆన్ మద్యన్ ప్రజలతో ముడిపెట్టింది. అరేబియా వాయవ్య భాగంలో, వర్తక బిడారులు సాగే మార్గాలపై వారు నివసించారు. వారి వద్దకు పంపబడిన హజ్రత్ షుఐబ్ (అలై) మొదట ఏకదైవారాధన వైపు పిలిచారు. ఆ వెంటనే కొలతలు, తూనికలు పూర్తిగా ఇవ్వమని, ప్రజలకు వారి వస్తువులను తగ్గించి ఇవ్వవద్దని హెచ్చరించారు. తౌహీద్ సందేశం, త్రాసు సందేశం ఒకే ప్రవక్త నోట ఒకదాని వెంట ఒకటి వెలువడ్డాయి.

దానికి ఆ జాతి ఇచ్చిన సమాధానాన్ని సూరహ్ హూద్ మన ముందుంచుతుంది. మా సొమ్మును మా ఇష్టం వచ్చినట్లు వాడుకోరాదని నీ నమాజు నీకు ఆజ్ఞాపిస్తోందా అని వారు ఎగతాళి చేశారు. సోదరులారా! ఆ ప్రశ్న ఆ జాతితోపాటు అంతరించిపోలేదు. నమాజు వేరు, వ్యాపారం వేరు అని మనలో ఎవరైనా అన్నప్పుడు, అది నాటి మద్యన్ వాసుల మాటే. నమాజుకు బజారు విషయంలో చెప్పవలసినది ఉందని హజ్రత్ షుఐబ్ (అలై) బోధించారు. దానిని నిరాకరించిన జాతి నాశనమయింది.

మదీనాలో బజారు వెలసిన విధం

మహాప్రవక్త (స) స్వయంగా వర్తకులు. ప్రవక్తగా నియుక్తులు కాకముందు హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో సిరియా దేశానికి ప్రయాణించారు. ఆ కాలంలోనే మక్కా ప్రజలు ఆయనను ‘అమీన్’ అని, అంటే నమ్మదగినవాడని పిలిచేవారు.

హిజ్రత్ అనంతరం మదీనాకు వచ్చినప్పుడు అక్కడ బనూ ఖైనుఖా తెగవారి బజారు ప్రసిద్ధమై ఉంది. కట్టుబట్టలతో వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఆయన అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీఅ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన కృతజ్ఞతతో దీవించి, తనకు బజారుకు దారి చూపమని మాత్రమే కోరారు. అక్కడ జున్ను, నెయ్యి అమ్మి జీవితాన్ని మళ్ళీ నిర్మించుకున్నారు. ధర్మబద్ధమైన చిన్న వ్యాపారం ఎంత గౌరవప్రదమైనదో ఈ సంఘటనే చెబుతుంది.

తరువాత దైవప్రవక్త (స) ముస్లిముల కొరకు ప్రత్యేకంగా ఒక బజారు స్థలాన్ని ఏర్పరచారనీ, దానిని ఎవరూ ఇరుకు చేయరాదనీ, అందులో అమ్ముకునేవారిపై పన్ను వేయరాదనీ నిర్దేశించారనీ చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి. మస్జిదె నబవీకి పశ్చిమ దిశలోని బహిరంగ స్థలంలో ఆ బజారు వెలసింది. తొలితరం ముస్లిములు బజారును మస్జిద్‌తో పోల్చేవారు. ముందు వచ్చినవానికి ఆ రోజుకు ఆ చోటు దక్కుతుంది. ధనవంతుడు స్థలాన్ని ఆక్రమించుకుని పేదవానిని వెలుపలికి నెట్టే వీలు లేదు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపినదాని ప్రకారం, ప్రవక్త (స) రాక పూర్వం మదీనా ప్రజలు కొలతల విషయంలో చాలా అన్యాయంగా ప్రవర్తించేవారు. సూరహ్ ముతఫ్ఫిఫీన్ అవతరించిన పిమ్మట వారు కొలతలలో ఉత్తములయ్యారు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందని ఆ సూరహ్ ప్రారంభంలోనే ప్రకటించింది. ఆ వెంటనే, తాము తిరిగి లేపబడతామని వీరు అనుకోవడం లేదా అని నిలదీసింది. తూనికలో మోసం పరలోక విశ్వాసంలోని లోపం నుండి పుడుతుందని దీని ద్వారా మనకు అర్థమవుతుంది.

మదీనా బజారులో ప్రవక్త (స) కొన్ని నియమాలు నెలకొల్పారు. పల్లె నుండి సరుకు తెచ్చే బిడారులకు బజారు ధర తెలియకముందే దారిలో ఎదురేగి చౌకగా కొనడాన్ని నిషేధించారు. ఆ విధంగా అమ్మినవాడు బజారుకు చేరి అసలు ధర తెలుసుకుంటే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచడానికే పాట పాడే ‘నజష్’ను నిషేధించారు. ధర పెరగాలని సరుకు దాచిపెట్టే ‘ఇహ్తికార్’ను పాపాత్ముని పనిగా పేర్కొన్నారు. ఒట్టు వేస్తే సరుకు అమ్ముడు కావచ్చును గాని శుభం తుడిచిపెట్టుకుపోతుందని హెచ్చరించారు. ఒకనాడు ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గుర్తించి, ఆ తడిసిన ధాన్యాన్ని ప్రజలు చూసేలా పైన ఎందుకు ఉంచలేదని అమ్మకందారుని అడిగారు. వర్షం వల్ల తడిసిందని అతడు చెప్పాడు. తడవడం అతని తప్పు కాదు. దానిని క్రిందకు నెట్టి పొడి ధాన్యంతో కప్పడమే అతని తప్పు. మోసగించేవాడు తన మార్గంలోనివాడు కాడని ఆయన ఆ సందర్భంలోనే ప్రకటించారు.

మరొకసారి ఆయన వస్త్రం కొన్నప్పుడు, తూచేవానితో, తూకం కాస్త మొగ్గు ఉండేలా తూచమన్నారు. పుచ్చుకునేవాని వైపు త్రాసు వంగాలన్నది ఆయన నేర్పిన మర్యాద.

ధర కట్టమని కోరినప్పుడు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రవక్త (స) కాలంలోనే ఒకసారి మదీనాలో ధరలు పెరిగాయి. ప్రజలు ఆయన వద్దకు వచ్చి ధరలు కట్టడి చేయమని విన్నవించారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ధరలను నిర్ణయించేవాడు, ఉపాధిని తగ్గించేవాడు, పెంచేవాడు అల్లాహ్ మాత్రమేనని ఆయన సెలవిచ్చారు. రక్తం విషయంలో గాని, ధనం విషయంలో గాని తనపై ఏ ఒక్కరూ అన్యాయపు ఫిర్యాదు చేయని స్థితిలో అల్లాహ్‌ను కలుసుకోవాలన్నదే తన ఆకాంక్ష అని తెలిపారు.

ఈ సమాధానం ఎంత గంభీరమైనదో యోచించండి. ధర పెరిగినప్పుడు వర్తకుని నుండి బలవంతంగా తగ్గింపజేస్తే అది అతని సొమ్ముపై అన్యాయం కావచ్చునని సాక్షాత్తు దైవప్రవక్తే భయపడ్డారు. వర్షం లేక, బిడారు రాక సరుకు తగ్గితే ధర పెరుగుతుంది. దానికి వర్తకుడు దోషి కాడు. ఆ విధంగా ధర నిర్ణయించే స్వేచ్ఛను షరీఅత్ వర్తకునికి ఇచ్చింది. అయితే ఆ స్వేచ్ఛతోపాటు ఒక భారాన్ని కూడా అతని మెడపై ఉంచింది. పాలకుడు వేలు పెట్టని చోట దైవభీతే కాపలా కాయాలి. వర్తకుని సొమ్ము విషయంలో ప్రవక్త (స) అంతగా భయపడితే, వినియోగదారుని సొమ్ము విషయంలో వర్తకుడు ఎంతగా భయపడాలి?

లాభానికి హద్దు ఉందా?

ఇన్ని శాతం మించి లాభం తీసుకోరాదని ఖుర్ఆన్‌లో గాని, ప్రామాణిక హదీసులలో గాని ఎక్కడా నిర్దేశం లేదు. హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి ప్రవక్త (స) ఒక దీనార్ ఇచ్చి గొర్రెను కొనమన్నారు. ఆయన ఆ దీనార్‌తో రెండు గొర్రెలు కొని, ఒకదానిని దీనార్‌కే అమ్మి, ఒక గొర్రెతో పాటు దీనార్‌ను కూడా తిరిగి తెచ్చారు. మూలధనానికి సమానమైన లాభం వచ్చినందుకు ప్రవక్త (స) కోపగించలేదు. పైగా ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. అందుచేత లాభం పొందడం అపరాధం కాదు. నేర్పుతో, శ్రమతో సంపాదించిన లాభం హలాల్.

అదే సమయంలో స్వల్ప లాభాన్ని చిన్నచూపు చూడరాదని కూడా మన పెద్దలు నేర్పారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఐశ్వర్య రహస్యమేమని అడిగినప్పుడు, తాను ఏ లాభాన్నీ తిరస్కరించలేదని ఆయన చెప్పినట్లు ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో పేర్కొన్నారు. ఆయన వెయ్యి ఒంటెలను కొన్న ధరకే అమ్మి, వాటి కట్టుత్రాళ్ళను మాత్రమే లాభంగా మిగుల్చుకున్నారట. ఒక్కొక్క త్రాడును ఒక దిర్హమ్‌కు అమ్మితే వెయ్యి దిర్హములు వచ్చాయి. ఆ రోజు ఒంటెల మేతకు కావలసిన మరో వెయ్యి దిర్హములు మిగిలాయి. సరుకు నిలవ ఉంచడానికి అయ్యే ఖర్చును లెక్కగట్టడం తెలిసిన వర్తకుని నేర్పు ఇది.

ఖలీఫా ఉమర్ (రజి) బజారులో

హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనలో ధర్మజ్ఞానం లేనివాడు మా బజారులో అమ్మరాదనే నియమం ఉండేది. బేరం కుదుర్చుకునే ముందు హలాల్ ఏదో, హరామ్ ఏదో తెలుసుకోవడం నాడు వర్తకునికి ఉండవలసిన మొదటి అర్హత.

ఒకనాడు ఆయన బజారులో హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఎండుద్రాక్ష అమ్ముతుండగా చూశారు. ఆయన చెబుతున్న ధర చాలా తక్కువగా ఉంది. తాయిఫ్ నుండి ఎండుద్రాక్ష బిడారు వస్తున్నదనీ, ఆ వర్తకులు ఈ ధరనే ప్రమాణంగా తీసుకుంటారనీ ఖలీఫా హెచ్చరించి, ధర పెంచమని, లేకుంటే సరుకును ఇంటికి తీసుకుపోయి అమ్ముకోమని అన్నారు. తరువాత ఆయన తన మాటను పునరాలోచించుకున్నారు. హాతిబ్ ఇంటికి స్వయంగా వెళ్ళి, తాను చెప్పినది తీర్పు గాని ఆజ్ఞ గాని కాదనీ, ప్రజల మేలు కోరి అన్నదేననీ, ఇష్టం వచ్చిన చోట ఇష్టం వచ్చినట్లు అమ్ముకోవచ్చుననీ తెలిపారు. ఈ పూర్తి వృత్తాంతాన్ని ఇమామ్ షాఫిఈ (రహ్మ) ఉల్లేఖించారు.

ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. మన ధర పొరుగు వర్తకుని కుటుంబంపై కూడా ప్రభావం చూపుతుంది. ప్రక్క దుకాణం మూతపడాలనే దురుద్దేశంతో నష్టానికి అమ్మి, అతడు వెళ్ళిపోయాక ధర రెట్టింపు చేయడం ప్రజలకు మేలు కాదు. రెండవది, అంతటి ఖలీఫా సైతం ఒక వర్తకుని స్వేచ్ఛను హరించానేమోనని అతని ఇంటి తలుపు తట్టారు.

కూఫా, బస్రా దుకాణాలలో

హిజ్రీ 150లో, అంటే క్రీ.శ. 767లో పరమపదించిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టు వస్త్రాల వర్తకులు. మనలో అత్యధికులు అనుసరించే ఫిఖహ్‌కు పునాది వేసిన మహనీయుడు తన జీవనాన్ని దుకాణంపైనే గడిపారు. ఒకసారి ఒక స్త్రీ పట్టు వస్త్రం అమ్మడానికి తెచ్చి వంద దిర్హములు అడిగింది. ఇది అంతకన్నా ఎక్కువ విలువైనదని ఇమామ్ అన్నారు. ఆమె వంద చొప్పున పెంచుతూ నాలుగు వందల వరకు వెళ్ళినా ఆయన అదే మాట చెప్పారు. తనను పరిహసిస్తున్నారని ఆమె భావించింది. విలువ తెలిసిన ఒక వ్యక్తిని పిలిపించమని చెప్పి, చివరకు అయిదు వందలకు ఆయన దానిని కొన్నారు. కొనేవాడు కూడా ధర విషయంలో న్యాయం చేయవలసి ఉంటుందని మనం తరచు మరచిపోతాం. ఇల్లు గడవక నగ, బండి, పశువు అమ్మడానికి వచ్చినవాని అవసరాన్ని చూసి విలువ తగ్గించి కొనేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

ఆయన వ్యాపార భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ ఒకసారి లోపమున్న వస్త్రాన్ని, ఆ లోపం చెప్పడం మరచి అమ్మివేశారు. కొన్నవాడెవరో తెలియలేదు. ఇమామ్ ఆ సరుకుపై వచ్చిన మొత్తాన్నంతా సదఖా చేశారు. మరపు వల్ల జరిగిన పొరపాటు సొమ్మును సైతం ఆయన తన ఇంట్లోకి రానివ్వలేదు.

బస్రాలో యూనుస్ బిన్ ఉబైద్ (రహ్మ) అనే మరొక సజ్జనుడు వస్త్రాలు అమ్మేవారు. ఆయన దుకాణంలో రెండు వందల దిర్హముల వస్త్రాలు, నాలుగు వందల దిర్హముల వస్త్రాలు వేరువేరుగా ఉండేవి. ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు అన్న కొడుకు ఒక ఎడారి వాసికి రెండు వందల వస్త్రాన్ని నాలుగు వందలకు అమ్మాడు. యూనుస్ దారిలో ఆ మనిషి చేతిలో తన వస్త్రాన్ని గుర్తుపట్టి ఎంతకు కొన్నావని అడిగారు. నాలుగు వందలని అతడు చెప్పాడు. తన ప్రాంతంలో ఇది అయిదు వందలు పలుకుతుందనీ, తాను సంతోషంగానే కొన్నాననీ కూడా అన్నాడు. అయినా యూనుస్ అతనిని వెనక్కు తీసుకువచ్చి రెండు వందలు తిరిగి ఇచ్చారు. కొన్నవాడు ఇష్టపడే కొన్నాడు కదా అని కుర్రవాడు సమర్థించుకోగా, నీ కొరకు ఇష్టపడేదానిని అతని కొరకు ఎందుకు ఇష్టపడలేదని మందలించారు.

సోదరులారా! అతడు ఒప్పుకునే కొన్నాడు అనే మాట మన బజారులలో రోజూ వినిపిస్తుంది. ఆ ఒప్పుకోలు దేని నుండి పుట్టిందో యూనుస్ (రహ్మ) చూశారు. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

ధర్మశాస్త్రవేత్తల కొలమానం

తరువాతి శతాబ్దాలలో నగరాలు పెరిగాయి. బజారు పర్యవేక్షణకు ‘ముహ్తసిబ్’ అనే అధికారి నియమితుడయ్యాడు. తూకపు రాళ్ళు, కొలపాత్రలు పరీక్షించడం, కల్తీని పట్టుకోవడం అతని విధి. ధరల విషయంలో హనఫీ ధర్మశాస్త్రవేత్త ఇమామ్ మర్గీనానీ (మరణం 1197) తన ‘హిదాయా’లో స్పష్టత ఇచ్చారు. పాలకుడు సాధారణంగా ధరలు నిర్ణయించరాదు. కాని ఆహార ధాన్యాల యజమానులు విలువను ఘోరంగా అతిక్రమించి, మరో విధంగా ప్రజల హక్కులను కాపాడటం సాధ్యం కానప్పుడు, అనుభవజ్ఞుల సలహాతో ధర నిర్ణయించవచ్చును. ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం 1328) కూడా ‘హిస్బా’పై తాను రచించిన గ్రంథంలో, సరుకు కొరత వల్ల సహజంగా పెరిగే ధరనూ, అవసరమైన సరుకును బిగబట్టి పెంచే ధరనూ వేరుచేసి చూపారు. మొదటి సందర్భంలో వర్తకుని బలవంతపెట్టడం అన్యాయం. రెండవ సందర్భంలో సమాన విలువకు అమ్మించడం న్యాయం.

వినియోగదారుని అమాయకత్వంపై తీసే అధిక ధరను ఫిఖహ్‌లో ‘గబ్నె ఫాహిష్’ అంటారు. హనఫీ ఫిఖహ్ ఆధారంగా 1869 నుండి 1876 వరకు ఉస్మానీయ సామ్రాజ్యంలో క్రోడీకరించిన ‘మజల్లా’ దానికి అంకెలు చెప్పింది. నిపుణులు కట్టే విలువ కంటే సామాన్య సరుకులో ఇరవయ్యవ వంతు, పశువులలో పదవ వంతు, స్థిరాస్తిలో అయిదవ వంతు, లేదా ఆపైన తేడా ఉంటే అది ఘోరమైన తేడా. ఇది కొన్న ధరపై లాభానికి విధించిన పరిమితి కాదు. బజారు విలువకూ, చెప్పిన ధరకూ మధ్య ఉన్న అంతరానికి కొలమానం. మాటలతో మోసపుచ్చి అంత తేడాతో అమ్మితే, కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చును.

ఢిల్లీ బజారు చెప్పే పాఠం

మన దేశ చరిత్రలో ధరల కట్టడికి పేరు పొందిన పాలకుడు అలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316). మంగోలుల దాడులను ఎదుర్కొనేందుకు పెద్ద సైన్యాన్ని తక్కువ జీతాలతో పోషించవలసి వచ్చి, ఆయన ఢిల్లీలో ధరలు నిర్ణయించాడు. మణుగు గోధుమలు ఏడున్నర జీతల్‌లు, బార్లీ నాలుగు, వరి అయిదు అని చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ నమోదు చేశాడు. ధాన్యపు బజారుపై ‘షహనా’ అనే అధికారిని, వేగులవారిని నియమించాడు. తూకం తగ్గించినవాని శరీరం నుండి అంత మాంసం కోయించేవారని కూడా బరనీ వ్రాశాడు. ఓరుగల్లుపైకి 1309–10లో మాలిక్ కాఫూర్ నడిపినది ఈ సుల్తాను సైన్యాన్నే.

ఆ భయం ఉన్నంత కాలం ధరలు నిలిచాయి. 1316లో సుల్తాను మరణించగానే ఆ వ్యవస్థ కూలిపోయింది. కత్తికి జడిసి సరిగా తూచిన చేయి, కత్తి తొలగగానే పాత అలవాటుకు మరలింది. మదీనాలో ఒక సూరహ్ మార్చిన చేతులు మాత్రం ఏ వేగులవాడూ లేకుండానే సరిగా తూచాయి. ఆ చేతులకు అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఉంది.

నేడు మన దుకాణాలలో

ఈ చరిత్రను మన గల్లా పెట్టె ముందు నిలబెట్టి చూసుకుందాం.

ధర నిర్ణయించేటప్పుడు కొన్న ఖరీదు, రవాణా, తరుగు, అద్దె, కరెంటు, పనివారి జీతం, మన శ్రమ అన్నీ లెక్కవేసి, వాటిపై లాభం కలుపుకోవడం మన హక్కు. ఆ లెక్క వేయని వర్తకుడు ఒకనాడు అతి చౌకగా అమ్మి అప్పులపాలవుతాడు. మరొకనాడు ఆ నష్టాన్ని అమాయకుని నెత్తిన రుద్దుతాడు. లెక్క స్పష్టంగా ఉన్నవానికి నిజాయితీ సులభమవుతుంది.

బేరమాడటం నిషిద్ధం కాదు. అబద్ధమాడటం నిషిద్ధం. నాకే ఇంత పడింది, కొన్న ధరకే ఇస్తున్నాను అనే మాటలు మన నోటి నుండి అలవోకగా వస్తాయి. కొన్న ఖరీదు చెప్పి, దానిపై లాభం కలిపి అమ్మే ‘మురాబహా’ను ఫిఖహ్ అమానత్‌తో కూడిన అమ్మకంగా పరిగణిస్తుంది. కొన్న ఖరీదు చెప్పనవసరం లేదు. చెబితే మాత్రం అది నిజమై ఉండాలి. లేకుంటే అది అమానత్‌లో ద్రోహం.

ప్యాకెట్‌పై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం మన దేశ చట్ట ప్రకారం నేరం. చల్లదనం పేరుతో శీతల పానీయంపై అదనంగా వసూలు చేయడం కూడా ఆ కోవలోనిదే. ఈ దేశంలో వ్యాపారం చేస్తున్న మనం ఆ నియమానికి కట్టుబడి ఉన్నాం. విశ్వాసి తన ఒడంబడికను ఉల్లంఘించడు. మన కాటాపై తూనికలు, కొలతల శాఖ ముద్ర గడువు దాటకుండా చూసుకోవడం కూడా దీనిలో భాగమే. మంచి పండ్లు పైన, చెడినవి అడుగున పెట్టడం నాటి తడిసిన ధాన్యం వంటిదే. మార్చని విడిభాగానికి డబ్బు తీసుకోవడం, తూకంలో డబ్బా బరువు కలపడం ముతఫ్ఫిఫీన్ పనులే.

రంజాన్ మాసంలో మండీలో ధర పెరిగితే, ఆ పెరుగుదల మేరకు మనం పెంచడంలో దోషం లేదు. కాని ఇఫ్తార్ వేళ ఎలాగూ కొంటారన్న ధీమాతో పెంచడం, ముందే సరుకు దాచి కొరత సృష్టించడం ఆ పవిత్ర మాసానికే అవమానం. నగదుకు ఒక ధర, అప్పుకు మరొక ధర చెప్పి, బేరం కుదిరే సమయంలోనే ఏదో ఒకటి ఖాయం చేసుకోవడం అధిక సంఖ్యాక ధర్మవేత్తల దృష్టిలో సమ్మతమే. ఖాయమైన తరువాత గడువు దాటిందని పెంచితే మాత్రం అది వడ్డీ అవుతుంది. పేదవాడు గడువు కోరితే సమయం ఇవ్వడం, వీలైతే మాఫీ చేయడం పుణ్యకార్యం.

ధర తెలియని పిల్లవానికి, చదవలేని వృద్ధురాలికి, భాష రాని బాటసారికి చెప్పే ధరే మన ఈమాన్‌కు నిజమైన పరీక్ష. ముస్లిమేతర సోదరుల విషయంలోనూ ఇదే న్యాయం. హజ్రత్ షుఐబ్ (అలై) ప్రజలకు వారి వస్తువులను తగ్గించవద్దని చెప్పినప్పుడు ఏ వర్గాన్నీ మినహాయించలేదు.

గతంలో ఎవరి వద్దనైనా అన్యాయంగా తీసుకుని ఉంటే, ఆ మనిషి తెలిసినవాడైతే వెళ్ళి తిరిగి ఇద్దాం. తెలియకపోతే అతని తరఫున సదఖా చేద్దాం. ఈ పని వాయిదా వేయదగినది కాదు. దూర ప్రయాణం చేసి, చెదరిన జుట్టుతో, దుమ్ము కొట్టుకున్న దేహంతో ఆకాశం వైపు చేతులెత్తి ప్రార్థించే మనిషిని గురించి ప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, పానీయం, వస్త్రం హరామ్ అయినప్పుడు అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ప్రశ్నించారు. రోగి అయిన బిడ్డ కొరకు మనం చేసే దుఆ, చనిపోయిన తల్లిదండ్రుల కొరకు చేసే దుఆ, మన హజ్ కొరకు దాచుకున్న సొమ్ము, ఇవన్నీ మన దుకాణపు ధరతో ముడిపడి ఉన్నాయి.

అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, లోపాన్ని వెల్లడిస్తే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందనీ, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతుంది. సత్యవంతుడు, విశ్వసనీయుడు అయిన వర్తకుడు ప్రవక్తలతో, సత్యసంధులతో, షహీదులతో ఉంటాడనే శుభవార్త కూడా మనకు ఉంది. ఒక చిన్న కిరాణా కొట్టులో కూర్చున్న మనిషికి ఇంతటి స్థానం వాగ్దానం చేయబడింది.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి, హరామ్ నుండి మమ్మల్ని దూరంగా ఉంచు. మా త్రాసులను సరిచేయి, మా నాలుకలకు సత్యాన్ని ప్రసాదించు. మాకు స్వల్పంలోనూ బర్కత్ నొసగు. తెలిసి గాని తెలియక గాని మేము ఎవరి హక్కునైనా తీసుకుని ఉంటే, దానిని తిరిగి చెల్లించే సంకల్పాన్ని, స్తోమతను మాకు ప్రసాదించు. మా వర్తకులను, మా పనివారిని, మా వద్ద కొనేవారిని, సమస్త మానవులను నీ కారుణ్యంతో చల్లగా చూడు. లెక్కల దినాన, ధనం విషయంలో మాపై ఫిర్యాదు చేసేవారు ఎవరూ లేని స్థితిలో నిన్ను కలుసుకునే భాగ్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.